చెరిపే చెయ్యి

మూడే మూడు పాదాలు.

ఫర్ కె ఇన్ పెయిర్స్(_జీ) డూ
    _జీ[కె] = నిల్
ఎండ్

దీన్ని కోడ్ అంటారని నాకూ తెలుసు. అయినా పద్యం చదివినట్టే చదువుతాను. పాదం పాదానికీ ఆగుతాను, వెనక్కి వెళ్తాను, మళ్లీ మొదలుపెడతాను. లువా అనే స్క్రిప్టింగ్ భాషలోని ఈ మూడు పాదాలకు తాత్పర్యం ఒక్క ముక్కలో తేలిపోతుంది: ఈ లోకంలో ఉన్న పేర్లన్నీ వరసగా తీసుకో, ఒక్కొక్కటే చెరిపెయ్యి. పలక మీది ఓనమాలను తడిగుడ్డతో తుడిచినంత తేలిక అనిపిస్తుంది. తిరకాసల్లా ఒక్కటే. తుడిచే గుడ్డ పేరు ఆ పలక మీదే రాసి ఉంది. తుడిచే చేతి పేరూ అక్కడే ఉంది. 'పలక' అన్న మాట కూడా ఆ పలక మీదే ఉంది.

మరి తుడవడం మొదలుపెడితే ఏమవుతుంది?

మన భాషలో 'నామరూపాల్లేకుండా పోయింది' అంటాం. నామాన్నీ రూపాన్నీ ఒక్క ఊపిరిలో కలిపేసి, ఒకటి పోతే రెండోదీ పోయినట్టే అని తీర్మానించేసిన నుడికారం అది. ఈ మూడు పాదాలు ఆ రెంటినీ విడదీస్తాయి. నామం పోయాక రూపం ఎంతసేపు నిలుస్తుంది, ఎవరి చేతిలో నిలుస్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది కళ్ల ముందు నడిపి చూపిస్తాయి. నాకు ఇందులో దొరికే రసమంతా అక్కడే ఉంది.

లువా అంటే పోర్చుగీసులో చందమామ. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, అక్కడి పాంటిఫికల్ కేథలిక్ విశ్వవిద్యాలయంలో రొబెర్టో యెరుసలిమ్‌స్కీ, లూయిజ్ ఎన్రికె డి ఫిగెయిరెడో, వాల్డెమార్ సెలెస్ అనే ముగ్గురు దీన్ని తయారుచేశారు. అంతకుముందు అదే చోట సోల్ అనే చిన్న భాష ఒకటుండేది. సోల్ అంటే సూర్యుడు. సూర్యుడు దిగాక చంద్రుడు ఎక్కాడన్నమాట. ఈ చందమామ ఇప్పుడు ఎక్కడెక్కడో వెలుగుతోంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, రోబ్లాక్స్ లాంటి ఆటల్లో ఉంది, రెడిస్ లాంటి డేటాబేసుల్లో ఉంది. తెలుగు వికీపీడియాలో మీ ఊరి వ్యాసం తెరిస్తే పక్కన కనిపించే సమాచారపెట్టె వెనకాల కూడా ఉంది.

లువా వాళ్ల పొదుపు చూస్తే మన ఇళ్లలో ఒకే రుబ్బురోలుతో పచ్చడీ పిండీ పప్పూ కానిచ్చేసిన పాతకాలపు వంటిల్లు గుర్తొస్తుంది. వరస కావాలన్నా, నిఘంటువు కావాలన్నా, లైబ్రరీ కావాలన్నా ఒకటే సామాను: టేబుల్. గ్లోబల్ వేరియబుళ్లు కూడా అంతే. 'ప్రింట్' అని రాశామంటే, గ్లోబల్ టేబుల్‌లో 'ప్రింట్' అన్న కీ ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకురమ్మని అర్థం. ఆ ఫంక్షన్‌కి భాషలో ప్రత్యేకమైన పీఠం ఏమీ లేదు, రేపు మీరు పెట్టుకునే 'మామిడి' అన్న వేరియబుల్‌తో సమానంగా అదే అరుగు మీద కూర్చుంటుంది. ఆ టేబుల్ పేరు అండర్‌స్కోర్ జీ. ఆ పేరు కూడా అదే టేబుల్‌లో ఇంకో కీ. అంటే _జీ లోపల _జీ ఉంది, దాని లోపల మళ్లీ _జీ. కొత్తగా తెరిచిన లువా 5.4లో ఉండే గ్లోబల్ పేర్లు మొత్తం కలిపినా నలభై లోపే. ఆ లోకానికి జనాభా అంతే.

ఇంత చిన్న లోకంలో ప్రళయం ఎలా ఉంటుందో చూద్దాం.

మన పద్యాన్ని ఉన్నదున్నట్టు నడిపితే దాదాపు ఎప్పుడూ పూర్తవదు, దారిలో కూలుతుంది. రెండో పాదం చూడండి. ప్రతి చుట్టులోనూ '_జీ' అన్న పేరును అది కొత్తగా వెతుక్కుంటోంది. చెరుపుతూ చెరుపుతూ పోగా, ఏదో ఒక చుట్టులో చెరపాల్సిన పేరు '_జీ' అవుతుంది. ఆ చుట్టు నిక్షేపంగా ముగుస్తుంది. మరుసటి చుట్టులో '_జీ' అని పిలిస్తే పలికేవాడుండడు. నిల్‌ను, అంటే ఏమీ లేనిదాన్ని, పట్టుకుని లోపలికి చెయ్యి పెట్టబోయావు, ఆ నిల్ అయిన గ్లోబల్ పేరు '_జీ', అని చెప్పి ప్రోగ్రాం ఆగిపోతుంది. కూర్చున్న కొమ్మనే నరుక్కున్న కాళిదాసు కథ మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ ఆ కథలో ఎవరూ పట్టించుకోని క్షణం ఒకటుంది: గొడ్డలి వేటు పడిపోయింది, కొమ్మ తెగిపోయింది, మనిషి మాత్రం ఇంకా పడలేదు. లువా ఆ క్షణాన్ని విడిగా తీసి చూపిస్తుంది. తెగిన చుట్టు ఒకటి, పడిన చుట్టు ఇంకొకటి.

కూలేటప్పటికి చెట్టుకు ఎన్ని కొమ్మలు మిగిలి ఉంటాయి? నన్ను బాగా ఊరించిన ప్రశ్న ఇదే. పేర్లను ఏ వరసలో అందిస్తానన్నది పెయిర్స్ ఎప్పుడూ మాట ఇవ్వదు. పాత 5.1లో అదే మెషీన్ మీద అదే ప్రోగ్రాం ఎన్నిసార్లు నడిపినా వరస అదేగా ఉండేది. 5.2 శ్రేణి నుంచి ప్రతిసారీ మారిపోతోంది. కావాలని ఒకే గూట్లో పడే కీలను లక్షల్లో పంపి సర్వర్లను కుంగదీసే దుండగుల బెడద అప్పట్లో చాలా భాషలకు వచ్చింది. అందుకని లువా లేచినప్పుడల్లా గడియారంలోని సమయాన్నీ మెమరీ చిరునామాలనూ కలిపి ఒక విత్తు తయారుచేసుకుని, పేర్లను దాని ప్రకారం చెదరగొడుతుంది. కాబట్టి మన కాళిదాసు ఒకసారి మూడో వేటుకే పడతాడు, ఇంకోసారి ముప్పయ్యో వేటు దాకా నిలుస్తాడు. _జీ అన్న పేరు అన్నిటికన్నా చివర వచ్చిన రోజున మాత్రం పడకుండా పని ముగించి, నేను గొప్ప కోడ్ రాశాననుకునేలా చేస్తాడు.

ఈ మాట అనుభవం మీదే చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట 5.3 వాడే చోట పనిచేసేవాణ్ని. ఒక టెస్ట్‌కీ ఇంకో టెస్ట్‌కీ మధ్య గ్లోబల్స్ తుడిచేయాలని, అచ్చం ఈ మూడు పాదాలే రాసి, పైన తెలివిగా పీకాల్ కప్పాను. లోపల ఏ ఎర్రర్ వచ్చినా బయటికి తెలియనివ్వని దుప్పటి అది. ఒకరోజు ప్రింట్ మిగిలేది, మ్యాథ్ పోయేది. ఇంకోరోజు మ్యాథ్ ఉండేది, రిక్వైర్ మాయం. వారం రోజులు జుట్టు పీక్కున్నాను. పక్క సీటులో కూర్చునే పెద్దావిడ ఒకరు నా స్క్రీన్ చూసి అన్నారు: "తమ్ముడూ, నీ చందమామకి తిథులున్నాయా ఏంటి? ఒకరోజు అష్టమి, ఒకరోజు ఏకాదశి. అమావాస్య మాత్రం రావట్లేదు."

అమావాస్య తెప్పించడానికి ఆవిడే ఒక పాదం చేర్చారు.

లోకల్ జి = _జీ
ఫర్ కె ఇన్ పెయిర్స్(జి) డూ
    జి[కె] = నిల్
ఎండ్

లోకల్ అన్న చిన్న మాటతో మొత్తం మారిపోయింది. చెట్టును నరికేవాడు ఇప్పుడు కొమ్మ మీద లేడు, నిచ్చెన మీద ఉన్నాడు. 'జి' గ్లోబల్ టేబుల్‌లో ఉండదు, కాబట్టి చెరిగే పేర్లలో అది లేదు. ఈసారి చెరపడం చివరిదాకా సాగుతుంది.

సాగుతుందని ఎంత తేలిగ్గా అనేశాను! ఒక్కసారి ఆగి చూడండి. లూప్‌ను నడిపిస్తున్నదే పెయిర్స్. దారి మధ్యలో ఎక్కడో 'పెయిర్స్' అన్న పేరు కూడా చెరిగిపోయింది. పెయిర్స్ వెనక ఉండి నిజంగా ఒక కీ తర్వాత ఇంకో కీ అందించేది 'నెక్స్ట్' అనే ఫంక్షన్. ఆ పేరూ చెరిగిపోయింది. పిలుద్దామంటే ఎవరూ లేరు, చుట్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. మొదటిసారి ఇది గమనించిన రోజు కుర్చీలో వెనక్కి వాలి కాసేపు స్క్రీన్ వైపు ఊరికే చూస్తూ ఉండిపోయాను. అద్భుత రసానికి భరతుడు చెప్పిన స్థాయీభావం విస్మయం. ఆ మాటకు అర్థం ఆ పూట అందింది.

కిటుకు మొదటి పాదంలోనే ఉంది. లూప్ మొదలవుతున్నప్పుడు పెయిర్స్‌ను ఒక్కసారే పిలుస్తారు. అది మూడు వస్తువులు చేతికిచ్చి పక్కకు తప్పుకుంటుంది: నెక్స్ట్ అనే ఫంక్షన్, నడవాల్సిన టేబుల్, మొదలుపెట్టాల్సిన చోటు. లూప్ వాటిని పేర్లుగా గుర్తుపెట్టుకోదు, వస్తువులుగానే గుప్పిట్లో పట్టుకుంటుంది. తర్వాత గ్లోబల్ టేబుల్‌లో ఏ పేరు చెరిగితే దానికేం? వంటమనిషిని పేరు పెట్టి పిలిచింది ఒక్కసారే. ఆవిడ వచ్చి గరిటె పట్టుకున్నాక, వీధిలో ఆవిడ పేరు అందరూ మరిచిపోయినా వడ్డన ఆగదు.

ఆ గుప్పిట ఎక్కడుంది? 5.1 సోర్సు విప్పితే ఒక ముచ్చట కనిపిస్తుంది. ఆ మూడు వస్తువులకూ లువా రహస్యంగా మూడు లోకల్ వేరియబుళ్లు కేటాయిస్తుంది. వాటికి పెట్టిన పేర్లు (ఫర్ జెనరేటర్), (ఫర్ స్టేట్), (ఫర్ కంట్రోల్). ఆ బ్రాకెట్లు నేను పెట్టినవి కావు, పేర్లలోనే ఉన్నాయి. బ్రాకెట్లూ మధ్యలో ఖాళీలూ ఉన్న పేరును లువాలో ఏ ప్రోగ్రామరూ రాయలేడు, రాస్తే భాష ఒప్పుకోదు. అంటే అవి పలకడానికి వీల్లేని పేర్లు. పలకలేని పేరును చెరపలేం కూడా. లోకంలో పేర్లన్నీ పోయినా నిలిచి నడిపించేది నోటితో పలకలేని పేరు గలదేనన్న ఈ చమత్కారం ఎవరైనా అలంకారం కోసం పెట్టారా? లేదు. ఎవరి పేరుతోనూ గొడవ పడకుండా ఉండాలని ఇంజినీర్లు చేసిన ఏర్పాటు. ధ్వని అనేది కవి అనుకోకపోయినా పలుకుతుందనే నేను నమ్ముతాను. ఆలంకారికులు ఒప్పుకుంటారో లేదో వాళ్లిష్టం.

ఇంకా లోతైన సంగతి ఒకటుంది. నెక్స్ట్ చేసే పని ఏమిటి? ఒక కీ ఇస్తే దాని తర్వాతి కీ చెప్పడం. మనం ఇస్తున్నది ఇప్పుడే చెరిపేసిన కీ. లేనిదాని తర్వాత ఏముందో ఎలా చెబుతుంది? ఇక్కడ నాకు పెళ్లి బంతి గుర్తొస్తుంది. బంతిలో ఒకాయన తొందరపడి ముందే లేచిపోయినా ఆయన విస్తరిని వెంటనే తీయరు, బంతంతా లేచేదాకా ఉంచుతారు. వడ్డించేవాడు ఆ ఖాళీ విస్తరిని చూసి 'ఇక్కడిదాకా వచ్చాను, తర్వాతిది పక్కది' అనుకుని సాగిపోతాడు. లువా టేబుల్‌లో విలువను నిల్ చేస్తే మనిషి లేచినట్టు, అంతే. కీ అనే విస్తరి అలాగే పరిచి ఉంటుంది. చెత్త ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ మధ్యలో వచ్చినా, ఆ కీ మీద 'చచ్చింది' అని గుర్తు వేసి చోటు మాత్రం కదపకుండా పోతుంది. సోర్సులో దాని పేరే డెడ్ కీ. చచ్చిన పేరే బతికున్న పేరుకు దారి చెబుతుంది.

అదే మధ్యలో ఒకాయన కొత్తగా వచ్చి నాకూ విస్తరి వెయ్యండంటే? చోటు చాలకపోతే బంతి మొత్తం లేపి, పెద్ద పందిట్లో కొత్త వరసలో కూర్చోబెట్టాలి. వడ్డించేవాడికి తాను ఎక్కడున్నాడో అంతు దొరకదు. అందుకే లువా మాన్యువల్ నియమం ఖరారుగా ఉంది: నడుస్తున్న టేబుల్‌లో ఉన్నదాన్ని మార్చవచ్చు, చెరపవచ్చు, లేనిదాన్ని చేర్చకూడదు. చేర్చితే ఏమవుతుందో హామీ లేదు. కూల్చడానికి అనుమతి ఉండి, కట్టడానికి లేకపోవడం మామూలు లోకరీతికి తలకిందులు. పెళ్లి బంతి చూసినవాళ్లకు మాత్రం అందులో వింతేమీ ఉండదు.

ఇంతవరకూ అంతా సొగసే. ఇప్పుడు సొగసులో ఉన్న చిన్న తొర్ర సంగతి. నాకు తొర్రే ఎక్కువ ఇష్టం.

లోకల్ ధర్మం నేర్చుకున్నాక, నేను ప్రింట్‌ను కూడా ముందే గుప్పిట్లో పెట్టుకున్నాను: లోకల్ పి = ప్రింట్. తర్వాత అంతా చెరిపేశాను. చివర్లో పి('అయిపోయింది') అన్నాను. వస్తువు నా చేతిలోనే ఉంది కదా, పేరుతో పనేముంది? ఎర్రర్ వచ్చింది: నిల్‌ను పిలవబోయావట. నా చేతిలో ఉన్నది నిల్ కాదు. మరి నిల్ ఎవరు? గంటసేపు వెతికాక దొరికింది. 5.3 దాకా ప్రింట్ తనకిచ్చినదాన్ని అక్షరాల్లోకి మార్చడానికి లోపల 'టుస్ట్రింగ్' అనే గ్లోబల్‌ను పేరు పెట్టి పిలిచేది. నేను పట్టుకున్న మనిషి నిజంగానే నా చేతిలో ఉన్నాడు, అతను మాత్రం పక్కింటాయన్ని కేకేసే అలవాటున్నవాడు. పక్కింటాయన ఇప్పుడు లేడు. అదే 5.1 కాలంలో పెయిర్స్ అలా కాదు. తనకు కావాల్సిన నెక్స్ట్‌ను కొంగున ముడేసుకున్నట్టు లోపలే దాచుకుని తిరిగేది. 'నెక్స్ట్' పేరును ముందే చెరిపేసినా దానికి చీమ కుట్టినట్టుండదు. ఒకే ఇంట్లో ఒకే తల్లి పిల్లలు ఇద్దరు, ఒకరికి దాచుకునే బుద్ధి, ఇంకొకరికి అప్పటికప్పుడు అడిగి తెచ్చుకునే బుద్ధి. 2020లో వచ్చిన 5.4లో ప్రింట్‌కు కూడా ఆ పని సొంతంగా నేర్పించేశారు. మంచిదే. అయినా పాత ప్రింట్ మీద నాకు జాలి పోలేదు. ఒక వస్తువును పట్టుకోవడమంటే ఎంతవరకు పట్టుకున్నట్టు, దాని లోపల ఎన్ని కేకలున్నాయో ఎవరికెరుక అన్న బెంగను నాకు అంటించింది అదే.

స్ట్రింగుల కథ దీనికి పూర్తిగా ఎదురు. 'స్ట్రింగ్' అన్న లైబ్రరీ పేరు మిగతావాటితో పాటే తుడిచిపెట్టుకుపోతుంది. అయినా ("ల"):రెప్(3) అంటే పని జరుగుతుంది, లలల తయారవుతుంది. కారణం, లువాలో ప్రతి స్ట్రింగ్ వెనకాలా ఒక మెటాటేబుల్ ఉంటుంది, అందులోంచి లైబ్రరీకి దారి ఉంటుంది. ఊళ్లో బడి బోర్డు పీకేసినా, చదువుకున్న ప్రతివాడి నోట్లో బడి ఉన్నట్టు. ఖాళీ స్ట్రింగ్ ఒక్కటి దొరికినా చాలు, ఆ లైబ్రరీ మొత్తం మళ్లీ చేతికొస్తుంది. (మాటవరసకు చెబుతున్నాను, ఆ 'ల' పొడవు ఎంతని లువాను అడిగితే 3 అంటుంది. అది లెక్కపెట్టేది బైట్లను. మన అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. దీనికీ మన కథకూ సంబంధం లేదు, తెలుగువాడికి చెప్పకుండా ఉండలేక చెప్పాను.)

మిగతా భాషల్లో ఈ రసం లేదా అంటే, ఉంది, రకరకాల పాళ్లలో ఉంది. పైథాన్‌లో కొత్త ఫైలు తెరిచి, అన్నిటికన్నా పైన 'ఫర్ కె ఇన్ గ్లోబల్స్()' అని లూప్ పెట్టి, లోపల ఏమీ చెరపకుండా పేర్లు ప్రింట్ మాత్రం చెయ్యండి. మొదటి పేరు చెప్పి రెండోదానికి పోయేలోపే, నడుస్తుండగా డిక్షనరీ సైజు మారిపోయిందని ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. మనం ఏమీ ముట్టుకోలేదు కదా! ముట్టుకున్నాం. లెక్కపెట్టడానికి పెట్టుకున్న 'కె' అక్కడ తానూ ఒక గ్లోబలే. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి లెక్కపెట్టుకుంటే, లెక్కపెట్టేవాడు తనను తాను వదిలేసి ఒకడు తగ్గాడని గోలపెట్టారు. పైథాన్ కథ దానికి తిరగేసిన బొమ్మ: లెక్కపెట్టేవాడు లెక్క మొదలయ్యాక వరసలో చేరాడు, ఒకడు ఎక్కువయ్యాడని గోల. ఇంకా కొసమెరుపు, ఇంటరాక్టివ్ షెల్‌లో అదే లూప్ రెండోసారి నడిపితే నోరెత్తకుండా పూర్తవుతుంది. కె అప్పటికే ఊళ్లోవాడైపోయాడు మరి. లువాలో లూప్ వేరియబుల్ ఎప్పుడూ లోకలే కాబట్టి ఈ హాస్యం దానికి దక్కలేదు.

పెర్ల్‌లో రీసెట్ అని ఒక పురాతన ఆయుధం ఉంది. 'ఏ-జెడ్' అని ఇస్తే, ప్యాకేజీలో పెద్ద అక్షరాలతో మొదలయ్యే వేరియబుళ్లన్నీ ఖాళీ అవుతాయి. అందులో కమాండ్ లైన్ నుంచి వచ్చిన మాటలుండే ఆర్గ్‌వీ, లైబ్రరీల దారులుండే ఇంక్, చుట్టూ ఉన్న వాతావరణమంతా ఉండే ఎన్వ్ కూడా కొట్టుకుపోతాయి. అలా చేయొద్దని ఆ భాష డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. ఆయుధం ఇచ్చి, పక్కనే ఆ మాట రాసిపెట్టడంలో ఒక మునిశాపం తరహా గాంభీర్యం ఉంది. ఆర్ భాషలో ఇంకో తీరు. 'టి' అన్న పేరుకు 0 ఇచ్చి, తర్వాత ఆ టి ని తీసేయండి. టి పోదు, ట్రూ అయి కూర్చుంటుంది. మనం తీసింది మనం వేసిన ముసుగునే, కింద ఆ భాష మొదటినుంచీ పెట్టుకున్న టి అలాగే ఉంది. కొత్త సున్నం గీకితే తాతల నాటి గోడరంగు బయటపడ్డట్టు.

పీహెచ్‌పీలో ఫంక్షన్ లోపల 'గ్లోబల్' అని తెచ్చుకున్న వేరియబుల్‌ను అన్‌సెట్ చేస్తే బయటిది చెక్కుచెదరదు. మనం పారేసింది ఇంటి రెండో తాళంచెవిని మాత్రమే. కొంచెం చప్పిడి, అయినా న్యాయం ఉంది. జావాస్క్రిప్ట్ దగ్గరికొచ్చేసరికి నా ఓపిక అయిపోతుంది. వార్ అని పెట్టి పుట్టించిన గ్లోబల్‌ను డిలీట్ చేస్తే, స్ట్రిక్ట్ మోడ్ లేనిచోట, ఎర్రరూ ఇవ్వదు, చెరపనూ చెరపదు. ఫాల్స్ అని గొణిగి ఊరుకుంటుంది. వార్ మరిచిపోయి పుట్టించినదాన్ని మాత్రం మారుమాట లేకుండా చెరిపేస్తుంది. పద్ధతిగా పుట్టినవాడికి ఒక చట్టం, పొరపాటున పుట్టినవాడికి ఇంకో చట్టం. దానికి కారణాలున్నాయి, చరిత్ర ఉంది, చదివాను. చదివాక కూడా ఆహా అనాలనిపించలేదు. నా లెక్కలో అది రసాభాస. లువా మొదట నమ్మలేనట్టు చేస్తుంది, కారణం తెలిశాక 'ఇలా కాక ఇంకెలా ఉంటుంది' అనిపిస్తుంది. క్షేమేంద్రుడు ఔచిత్యమన్నది ఇలాంటిదాన్నే అయ్యుండాలి.

మళ్లీ అమావాస్య రాత్రికి వద్దాం. లువా 5.4 ప్రాంప్ట్ తెరిచి, ఆ నాలుగు పాదాలనూ ఒకే లైనులో రాసి ఎంటర్ కొట్టాను. ఏ సందడీ లేదు. కొత్త లైను, దాని మొదట్లో అదే కొక్కెం గుర్తు, కర్సర్ మినుకుమినుకుమంటోంది. చూడ్డానికి లోకమంతా క్షేమంగా ఉంది.

1+1 అని కొట్టాను.

'ప్రింట్'ను పిలవడంలో ఎర్రర్, నిల్‌ను పిలవబోయాను, అంది. అంటే కూడిక జరిగింది. జవాబు రెండని దానికి తెలుసు. ఆ రెండును బయటికి చెప్పడానికి ప్రాంప్ట్ ఎప్పుడూ 'ప్రింట్' అన్న గ్లోబల్‌నే పిలుస్తుంది, ఆ పేరు లేదు. మూగవాడు బెల్లం తిన్నట్టు అంటారే, ఆ తీపి ఎలా ఉంటుందో ఈ లైను చూశాకే అర్థమైంది. ("ల"):రెప్(3) అన్నాను. అదే మాట. లలల ఎక్కడో మెమరీలో తయారై, ఎవరికీ వినపడకుండా ఉండిపోయింది. బయటికి పోదామంటే ఓఎస్ అన్న పేరు లేదు, కాబట్టి ఎగ్జిట్ కూడా లేదు. కంట్రోల్-డీ నొక్కి కిటికీలోంచి దూకినట్టు పోవాల్సిందే.

పోయే ముందు ఒక చిలిపి ఆలోచన వచ్చింది. ఎర్రర్ చెప్పడానికి మాత్రం దీనికి ప్రింట్ అక్కర్లేదు. ఆ నోరు సి భాషలో రాసిన అడుగుపొరలో ఉంది, నా తడిగుడ్డ అంత లోతుకు దిగలేదు. లేని పేరును పిలిస్తే, ఆ లేని పేరేమిటో పలికి మరీ చెబుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో 'వెన్నెల' అని రాసి, పక్కన రెండు బ్రాకెట్లు పెట్టి, ఎంటర్ కొట్టాను.

నిల్‌ను పిలవబోయావు, అంది చందమామ. ఆ గ్లోబల్ పేరు 'వెన్నెల'.